నిత్యసాధన దేన్ని నిలుపుతుంది? ప్రతిభ, అభ్యాసం, సృజన: ఒక సమీక్ష

కళలో రాణించాలంటే పుట్టుకతో వచ్చిన ప్రతిభ ముఖ్యమా, పట్టువిడవని సాధన ముఖ్యమా అన్న ప్రశ్న మన అలంకార శాస్త్రమంత పాతది. గత ముప్పై ఏళ్లలో మనస్తత్వ శాస్త్రవేత్తలు దాన్ని గంటల లెక్కల్లోకి, గణాంకాల్లోకి దించారు. దాంతో వాదం తేలలేదు సరికదా, మరింత చిక్కుపడింది. పదివేల గంటలు శ్రమిస్తే ఎవరైనా నిష్ణాతులు కావచ్చనే మాట ఒకవైపు ఊరూరా పాకింది. కళాకారుల మధ్య కనిపించే తేడాల్లో సాధన వివరించగలిగేది కొంత భాగమేనని మరోవైపు పరిశోధకులు తేల్చారు. రోజూ కూర్చుని రాస్తేనే కలం కదులుతుందని కొందరు రచయితలంటే, రోజువారీ అలవాటు ఊహను మొద్దుబారుస్తుందని మరికొందరు అంటారు.

ఈ చిక్కుముడికి ప్రధాన కారణం ఒక్కటే. మూడు వేర్వేరు ప్రశ్నలను మనం ఒకే ప్రశ్నగా మాట్లాడుకుంటున్నాం. నైపుణ్యాన్ని సంపాదించడానికి సాధన ఎంత అవసరమన్నది మొదటిది. సంపాదించిన నైపుణ్యం చేజారకుండా నిలుపుకోవడానికి ఎంత అవసరమన్నది రెండోది. ఆ నైపుణ్యంతో ఇదివరకు లేనిదాన్ని సృష్టించడానికి ఎంత అవసరమన్నది మూడోది. వాదమంతా మొదటి ప్రశ్న చుట్టూ, అప్పుడప్పుడు మూడో ప్రశ్న చుట్టూ నడిచింది. అన్నిటికన్నా తక్కువ చర్చకు వచ్చింది రెండోది. సాధన పక్షాన సాక్ష్యం బలంగా ఉన్నది మాత్రం అక్కడే. ఈ వ్యాసం ఆ మూడింటినీ విడదీసి, ఏ వర్గం ఏమంటోందో, ఎక్కడిదాకా తేలిందో, ఏది ఇంకా తేలలేదో పరిశీలిస్తుంది.

అలంకారికుల వాదం: వెయ్యేళ్ల చర్చ

కావ్యానికి హేతువేమిటన్న చర్చ సంస్కృత అలంకార శాస్త్రంలో సుమారు ఏడో శతాబ్దం నుంచి పదిహేడో శతాబ్దం దాకా సాగింది. భామహుడి దృష్టిలో శాస్త్రం వేరు, కావ్యం వేరు. గురువు బోధిస్తే మందబుద్ధి కూడా శాస్త్రం నేర్చుకోగలడు. కావ్యం మాత్రం ప్రతిభ ఉన్న ఏ ఒక్కరికో, అదీ ఎప్పుడో పుడుతుంది.

దండి ఇంతకన్నా ఉదారంగా ఆలోచించాడు. సహజ ప్రతిభ, నిర్మలమైన విస్తృత పాండిత్యం, అలుపెరగని పరిశ్రమ, ఈ మూడూ కలిస్తే కావ్యసంపద అన్నాడు. అక్కడితో ఆగలేదు. పూర్వవాసనగా వచ్చే ఆ ప్రతిభ లేకపోయినా చదువుతో, ప్రయత్నంతో కొలిచేవాణ్ని వాగ్దేవి ఎంతో కొంత అనుగ్రహిస్తుందని ‘కావ్యాదర్శం’లో భరోసా ఇచ్చాడు. అలాంటివాడు మహాకవి అవుతాడని దండి అనలేదు. విదగ్ధగోష్ఠుల్లో నిలబడగలడన్నాడు. సాధన ఎంతవరకు తీసుకెళ్తుంది, ఎక్కడ ఆగుతుంది అన్న హద్దును ఇంత సూటిగా గీసినవారు ప్రాచీనుల్లో అరుదు.

వామనుడు కవిత్వానికి బీజం ప్రతిభే అంటూనే రచనలో ఎడతెగని ఉద్యమాన్నీ, వృద్ధసేవనూ, పదాలు వేసి తీసి చూసుకునే పరిశీలననూ కావ్యాంగాల్లో చేర్చాడు. రుద్రటుడు ప్రతిభను సహజమనీ, ఉత్పాద్యమనీ రెండుగా విభజించాడు. అంటే ప్రతిభలోనే కొంత భాగం సంపాదించుకోదగినదని ఒప్పుకున్నాడు. మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో శక్తి, నిపుణత, అభ్యాసం మూడూ కలిసి ఒకే హేతువు అన్నాడు. మూడు కారణాలు విడివిడిగా లేవని నొక్కి చెప్పడం అతని ప్రత్యేకత. అలా చూస్తే ప్రతిభ ఎంత శాతం, సాధన ఎంత శాతం అన్న నేటి లెక్కకే అర్థం లేకుండా పోతుంది.

పదిహేడో శతాబ్దంలో జగన్నాథ పండితరాయలు ఈ చర్చకు కొత్త మలుపునిచ్చాడు. కోనసీమలోని ముంగండ మూలాలున్న ఈ తెలుగువాడు షాజహాన్ కొలువులో ఉండి ‘రసగంగాధరం’ రాశాడు. కావ్యానికి కారణం ప్రతిభ ఒక్కటేనని అతని సిద్ధాంతం. పైకి ఇది భామహుడి వైపు మొగ్గినట్టు కనిపిస్తుంది. ఆ ప్రతిభ ఎలా వస్తుందన్న దగ్గర అతను రెండు దారులు తెరిచాడు. దైవానుగ్రహమో మహాపురుషుల ప్రసాదమో కలిగించే అదృష్టం ఒక దారి. వ్యుత్పత్తి, అభ్యాసం రెండో దారి. సాధన నేరుగా కావ్యాన్ని పుట్టించదు, ప్రతిభను పుట్టిస్తుంది, ఆ ప్రతిభే కావ్యాన్ని పుట్టిస్తుంది అన్న ఈ మెట్ల వరస ఆధునిక చర్చలోనూ పనికొచ్చే ఆలోచన.

నిత్యసాధన విషయంలో మాత్రం అందరికన్నా ఆచరణాత్మకంగా మాట్లాడింది రాజశేఖరుడు. సమాధి ముఖ్యమా, అభ్యాసం ముఖ్యమా అన్న వాదాన్ని ‘కావ్యమీమాంస’లో ప్రస్తావించి, ఆ రెండూ శక్తిని వెలిగించేవేనని తీర్పు చెప్పాడు. ఆపైన కవి దినచర్యను జాములవారీగా వివరించాడు. మొదటి జాములో చదువు, రెండో జాములో రచన, భోజనానంతరం మూడో జాములో కావ్యగోష్ఠి, నాలుగో జాములో పొద్దున రాసినదాన్ని పరీక్షించి దిద్దుకోవడం. ఆ దినచర్యలో రచనకు దక్కింది ఒక్క జామే. మిగిలిన పగలు దానికి ఆహారం సమకూర్చడానికీ, దాన్ని సరిదిద్దడానికీ కేటాయించాడు. రోజూ సాధన అంటే రోజంతా రాయడం కాదన్న ఎరుక వెయ్యేళ్ల కిందటే ఉంది.

కచేరీ, అవధానం, రంగస్థలం: ఆచరణలో సాధన

శాస్త్రకారులు వాదించుకుంటూ ఉండగా కళాసంప్రదాయాలు సాధనను ఒక పద్ధతిగా స్థిరపరిచాయి. కర్ణాటక సంగీతంలో స్వరావళులు, జంట వరసలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు అనే క్రమాన్ని పురందరదాసు ఏర్పరిచాడని సంప్రదాయం చెబుతుంది. మాయామాళవగౌళలో మూడు కాలాల్లో వరసలు పాడించడం ఈనాటికీ తొలిపాఠమే. ఈ పాఠాలు నేర్చి వదిలేసేవి కావు. పేరున్న విద్వాంసులు సైతం తెల్లవారుజామున అకార సాధకం చేస్తారు, వర్ణాలను రెండు కాలాల్లో పాడుకుంటారు. 1919లో విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడిగా ఏర్పడిన సంగీత కళాశాల, ద్వారం వెంకటస్వామి నాయుడి వంటి వయొలిన్ విద్వాంసులను బోధనలోకి తెచ్చి, ఆ గురుకుల క్రమాన్ని తరగతి గదిలోకి మార్చింది. హిందుస్థానీ సంప్రదాయంలో రియాజ్‌కు ఉన్న గౌరవం సరేసరి. నలభై రోజులు లోకానికి దూరంగా ఉండి సాధన చేసే ‘చిల్లా’ అక్కడి కఠినమైన పద్ధతి.

ఈ సంప్రదాయాల్లో మనోధర్మానికీ సాధనకూ వైరం లేదు. రాగాలాపన, నెరవు, కల్పనస్వరం అప్పటికప్పుడు పుట్టేవే. అవి పుట్టడానికి గొంతు, తాళజ్ఞానం, రాగస్వరూపం ఆలోచించే పని లేకుండా అందుబాటులో ఉండాలి. ఆ అందుబాటును నిలిపేదే రోజువారీ సాధన.

అవధానం దీనికి మరింత తీవ్రమైన ఉదాహరణ. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన, ఆశువు, అప్రస్తుత ప్రసంగం లాంటి అంశాలతో ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టుముట్టగా, ఛందస్సు తప్పకుండా పద్యాలు అల్లి, చివర వాటన్నిటినీ ధారణ చేయడం అష్టావధాని పని. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జంటగా ఊరూరా శతావధానాలు చేసి ఈ కళకు ప్రజాదరణ తెచ్చారు. గణాలూ యతిప్రాసలూ వేళ్ల మీద లెక్కపెట్టుకునే దశలో ఉన్నవాడు అవధానం చేయలేడు. పద్యం నడక నోటికి పట్టి ఉంటేనే బుద్ధి భావం మీద నిలుస్తుంది.

మూడో పద్ధతి సాధననూ ప్రదర్శననూ విడదీయనిది. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటక సమాజంలో పిల్లలు రంగస్థలం మీదే పెరిగారు. వారికి ప్రత్యేకంగా సాధన గంటలంటూ లేవు, రోజూ ఆడే నాటకమే సాధన. శ్రీకాళహస్తి కలంకారీ పనివారి సంగతీ అంతే. ఇక్కడ నైపుణ్యం నిలవాలంటే వ్యక్తి పట్టుదల ఒక్కటే చాలదు, పని దొరుకుతూ ఉండాలి. ప్రదర్శనలు తగ్గితే, కొనేవారు కరవైతే చేతిలో ఉన్న విద్య కూడా సన్నగిల్లుతుంది. సాధనను వ్యక్తిగత క్రమశిక్షణగా మాత్రమే చూసే పరిశోధనలు ఈ సామాజిక కోణాన్ని తరచు వదిలేస్తాయి.

కొలతల యుగం: గాల్టన్ నుంచి ఎరిక్సన్ దాకా

పాశ్చాత్య దేశాల్లో ఈ చర్చకు ఆధునిక రూపం ఇచ్చింది ఫ్రాన్సిస్ గాల్టన్. 1869లో అచ్చైన ‘హెరిడిటరీ జీనియస్’ గ్రంథంలో, ప్రముఖుల వంశాలను పరిశీలించి, అసాధారణ ప్రతిభ వారసత్వంగా వస్తుందని వాదించాడు. కష్టం వల్ల మనిషి తన హద్దు దాకా వెళ్తాడనీ, ఆ హద్దు మాత్రం పుట్టుకతోనే నిర్ణయమవుతుందనీ అతని అభిప్రాయం.

దీనికి భిన్నమైన దారి ప్రయోగశాలల్లో తెరుచుకుంది. 1885లో హెర్మన్ ఎబింగ్‌హౌస్ జ్ఞాపకం మీద తన ప్రయోగాలను ప్రచురించాడు. నేర్చింది మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా మరుపునపడుతుందనీ, మరిచినట్టు అనిపించినదాన్ని మళ్లీ నేర్వడానికి మొదటిసారి కన్నా తక్కువ శ్రమ చాలుననీ, ఒకేసారి కాక విరామాలిచ్చి చదివితే బాగా నిలుస్తుందనీ ఆయన చూపించాడు. 1890ల చివర బ్రయాన్, హార్టర్ టెలిగ్రాఫ్ పనివారిని గమనించి, నైపుణ్యం కొంతకాలం పెరిగి, ఒకచోట నిలిచిపోయి, మళ్లీ పెరగడాన్ని గ్రాఫులుగా గీశారు. ఏళ్ల తరబడి అదే పని చేసినంత మాత్రాన మెరుగుదల రాదని ఆ గ్రాఫులు సూచించాయి.

సృజన వైపు వస్తే, జాన్ హేస్ 76 మంది ప్రసిద్ధ పాశ్చాత్య స్వరకర్తల జీవితాలను పరిశీలించాడు. సంగీతం నేర్వడం మొదలుపెట్టిన తొలి పదేళ్లలో నిలిచిపోయే రచన చేసినవారు దాదాపు లేరని తేలింది. మొత్సార్ట్ కూడా దీనికి పెద్ద మినహాయింపు కాదు.

1993లో ఆండర్స్ ఎరిక్సన్, రాల్ఫ్ క్రాంపె, క్లెమెన్స్ టెష్-రోమర్ ప్రచురించిన పత్రం ఈ చర్చకు కేంద్రబిందువైంది. బెర్లిన్ సంగీత అకాడమీలోని వయొలిన్ విద్యార్థులను వారు మూడు స్థాయులుగా విభజించి, చిన్ననాటి నుంచి చేసిన సాధనను లెక్కగట్టారు. అగ్రశ్రేణి విద్యార్థులు ఇరవై ఏళ్ల వయసుకు సగటున పదివేల గంటలు దాటారు. మిగిలిన రెండు స్థాయులవారు వారికన్నా వెనకబడి ఉన్నారు. లోపాన్ని గుర్తించి, దాన్ని దిద్దుకోవడానికే రూపొందించి, గురువు పర్యవేక్షణలో చేసే ఉద్దేశపూర్వక సాధనే స్థాయిని నిర్ణయిస్తుందని వారి వాదం. ఊరికే వాయించుకోవడం, కచేరీ చేయడం ఈ లెక్కలోకి రావు. అలాంటి ఏకాగ్ర సాధన రోజుకు నాలుగు గంటలకు మించి సాగదనీ, ఉత్తమ విద్యార్థులు విశ్రాంతికి కూడా ప్రాధాన్యమిచ్చారనీ ఆ పత్రమే చెప్పింది.

2008లో మాల్కం గ్లాడ్‌వెల్ ‘ఔట్‌లయర్స్’ పుస్తకంతో పదివేల గంటల సూత్రం లోకవిదితమైంది. అది సగటు మాత్రమేననీ, సూత్రం కాదనీ, ఏ రకం సాధన అన్నదే ముఖ్యమనీ ఎరిక్సన్ తర్వాత పదేపదే వివరించాల్సి వచ్చింది. ప్రజల్లో నిలిచింది సంఖ్య, జారిపోయింది సారం.

ఎదురువాదం: సాధన సర్వస్వం కాదు

2014లో బ్రూక్ మెక్‌నమారా, డేవిడ్ హాంబ్రిక్, ఫ్రెడరిక్ ఆస్వాల్డ్ 88 అధ్యయనాల ఫలితాలను ఒకచోట చేర్చి విశ్లేషించారు. వ్యక్తుల మధ్య నైపుణ్యంలో కనిపించే తేడాల్లో సాధన వివరించగలిగిన భాగం చదరంగం వంటి ఆటల్లో 26 శాతం, సంగీతంలో 21 శాతం, క్రీడల్లో 18 శాతం. చదువులో అది 4 శాతం, వృత్తుల్లో 1 శాతం కన్నా తక్కువ. 2019లో మెక్‌నమారా, మేఘా మైత్ర బెర్లిన్ అధ్యయనాన్ని మళ్లీ చేసి చూస్తే, ఉత్తములూ మంచివారూ దాదాపు సమానంగానే సాధన చేశారని తేలింది. ఆ రెండు స్థాయులకూ, వాటికింద ఉన్నవారికీ మధ్యే తేడా కనిపించింది.

జన్యుశాస్త్రం వైపు నుంచి మరో ప్రశ్న వచ్చింది. 2014లో మిరియం మోసింగ్ బృందం స్వీడన్‌లోని పదివేల మందికి పైగా కవలలను పరిశీలించింది. సాధన చేసే అలవాటులోనే వారసత్వ ప్రభావం గణనీయంగా ఉందని వారి నిర్ధారణ. అంటే కష్టపడే గుణాన్ని పూర్తిగా స్వయంకృషిగా లెక్కగట్టడం కుదరదు. ప్రతిభ ఉన్నవాడికి సాధనలో ఆనందం దొరుకుతుంది, ఆ ఆనందం అతణ్ని మరింత సాధనకు పురికొల్పుతుంది.

ఎరిక్సన్ పక్షం దీనికి జవాబిచ్చింది. 2014 విశ్లేషణలో గురువు పర్యవేక్షణ లేని సాధననూ, ఏ రకమైన అభ్యాసాన్నైనా కలిపేశారనీ, కఠినమైన నిర్వచనం ప్రకారం లెక్కిస్తే సాధన వాటా పెరుగుతుందనీ వాదించింది. వాదం ఇలా నిర్వచనం దగ్గర ఆగింది.

రెండు పక్షాలూ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. ఈ శాతాలన్నీ ఒకరికీ మరొకరికీ మధ్య ఉన్న తేడాను గురించినవి. ఒక మనిషి సాధన మానేస్తే తన స్థాయిలోనే ఎంత దిగజారతాడన్న ప్రశ్నకు అవి జవాబు చెప్పవు. సంగీతంలో 21 శాతమే అన్న సంఖ్యను చూసి సాధన మానుకోవచ్చని అనుకోవడం లెక్కను తప్పుగా చదవడమే.

నిలుపుకోవడం: తక్కువ చర్చ, గట్టి సాక్ష్యం

ఒకరోజు సాధన మానితే తనకు తెలుస్తుందనీ, మరికొన్నాళ్లు మానితే విమర్శకులకూ, ఆపైన శ్రోతలందరికీ తెలిసిపోతుందనీ ఒక మాట సంగీతలోకంలో తిరుగుతూ ఉంటుంది. పాడరెవ్‌స్కీ అన్నాడని కొందరు, హైఫెట్జ్ అన్నాడని మరికొందరు చెబుతారు. ఎవరన్నా, కళాకారుల అనుభవం ఒకే వైపు చూపుతోంది. పరిశోధన దీన్ని ఎంతవరకు సమర్థిస్తుంది?

ఇక్కడ కీలకమైనది క్రాంపె, ఎరిక్సన్ 1996లో ప్రచురించిన అధ్యయనం. యువ పియానో విద్వాంసులను, అరవై ఏళ్ల ప్రాంతంలో ఉన్న విద్వాంసులను, ఆయా వయసుల్లోని అభిరుచిపరులతో పోల్చారు. సంగీతంతో సంబంధం లేని వేగపరీక్షల్లో వయసు పైబడిన విద్వాంసులు కూడా తమ ఈడువారిలాగే మందగించారు. వాయిద్య నైపుణ్యానికి సంబంధించిన పరీక్షల్లో మాత్రం వారు యువ విద్వాంసులకు దగ్గరగా నిలిచారు. ఎవరెంత బాగా నిలుపుకున్నారన్నది, వారు నడివయసు దాటాక కూడా ఎంత సాధన కొనసాగించారన్నదాని మీద ఆధారపడింది. వారు యువకులతో పోలిస్తే చాలా తక్కువ గంటలే సాధన చేస్తున్నారు. పైస్థాయికి ఎక్కడానికి పట్టినంత శ్రమ అక్కడ నిలబడడానికి అక్కర్లేదు. మానేయడానికి మాత్రం వీల్లేదు.

అన్ని నైపుణ్యాలూ ఒకేలా తరగవు. వాడకం లేనప్పుడు నైపుణ్యాలు ఎలా క్షీణిస్తాయన్న అంశం మీద వినిఫ్రెడ్ ఆర్థర్ బృందం 1998లో చేసిన సమగ్ర విశ్లేషణ ప్రకారం, విరామం పెరిగేకొద్దీ క్షీణత పెరుగుతుంది. శారీరక నైపుణ్యాలకన్నా ఆలోచనతో ముడిపడినవి, వేగం కన్నా కచ్చితత్వం కోరేవి త్వరగా దెబ్బతింటాయి. నేర్చిన ఈత మరిచిపోమన్న లోకానుభవానికి ఇది దగ్గరగానే ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత పిడేలు పట్టినవాడికి కమాను పట్టు గుర్తుండవచ్చు, శ్రుతిశుద్ధమైన గమకం పలకకపోవచ్చు. పద్యం రాయడం మానేసినవాడికి కందం లక్షణం గుర్తుండవచ్చు, పదం కోసం తడుముకోవడం తప్పకపోవచ్చు. మొదట పోయేవి పైమెరుగులు, సూక్ష్మ విచక్షణ, తడుముకోని ధార. కళను కళగా నిలబెట్టేవి కూడా అవే.

ఊరటనిచ్చే అంశం కూడా ఉంది. ఎబింగ్‌హౌస్ చెప్పినట్టు తిరిగి నేర్వడం తొలిసారి నేర్వడం కన్నా తేలిక. పిల్లల పెంపకం, ఉద్యోగం, అనారోగ్యం వల్ల ఏళ్లపాటు కళకు దూరమైనవారికి ద్వారం మూసుకుపోలేదు. మన సమాజంలో పెళ్లితో పాట ఆపేసిన స్త్రీలు ఎందరో ఉన్నారు. వారు మళ్లీ మొదలుపెట్టినప్పుడు మొదటిమెట్టు నుంచి ఎక్కనక్కర్లేదు.

సృజనకు నియమం మేలా, కీడా?

మూడో ప్రశ్న అన్నిటికన్నా కష్టమైనది. కొత్త ఆలోచనలు నియమంగా కూర్చుంటే వస్తాయా, వచ్చినప్పుడే కూర్చోవాలా?

నియమవాదులకు ఉన్న ముఖ్యమైన ఆధారం రాబర్ట్ బాయ్స్ 1983 ప్రయోగం. రచనలో ఇబ్బంది పడుతున్న విశ్వవిద్యాలయ అధ్యాపకులను మూడు గుంపులు చేశాడు. ఒక గుంపును అత్యవసరమైతే తప్ప రాయవద్దన్నాడు. రెండో గుంపును మనసు పుట్టినప్పుడు రాయమన్నాడు. మూడో గుంపు రోజూ తప్పనిసరిగా రాయాలి. రోజూ రాసినవారే అందరికన్నా ఎక్కువ రాశారు. కొత్త ఆలోచనలు కూడా వారికే ఎక్కువగా తట్టాయి. స్ఫూర్తి కోసం ఎదురుచూడడం కన్నా పనిలో ఉండడమే స్ఫూర్తిని పిలుస్తుందన్న నమ్మకానికి ఇది బలమిచ్చింది. ప్రయోగం చిన్నది, అందులో పాల్గొన్నది విద్యావిషయక రచయితలు. కవులకూ కథకులకూ దీన్ని యథాతథంగా వర్తింపజేయడం తొందరపాటు.

డీన్ సైమన్టన్ మరో కోణం చూపాడు. ఒక కళాకారుడి గొప్ప రచనల సంఖ్య అతను చేసిన మొత్తం రచనల సంఖ్యతో సాధారణంగా కలిసి నడుస్తుందనీ, ఎక్కువ రాసిన కాలంలోనే గొప్పవీ, మామూలువీ రెండూ ఎక్కువగా పుడతాయనీ ఆయన వాదన. తాళ్లపాక అన్నమాచార్యుల జీవితం ఈ సందర్భంలో ఆలోచింపజేస్తుంది. పదహారో ఏట స్వామి సాక్షాత్కారం పొందినప్పటి నుంచి ఆయన రోజుకొక సంకీర్తనకు తక్కువ కాకుండా రచించారని సంప్రదాయం. తిరుమల రాగిరేకులు ఆయన రచనాకాలాన్ని శకం 1346 నుంచి 1424 దాకా, అంటే దాదాపు 79 సంవత్సరాలుగా చెబుతున్నాయి. మొత్తం 32 వేల సంకీర్తనలని ప్రతీతి, దొరికినవి వాటిలో కొంత భాగమే. వాటిలో జనం నాలుకల మీద నిలిచినవి మరీ కొద్ది. ఆ కొద్దివాటి వెనుక ఎన్నో వేల దినాల నియమం ఉంది.

ప్రతివాదులకూ బలమైన ఆధారాలున్నాయి. గ్రాహం వాలస్ 1926లో సృజనను సన్నాహం, లోపల మగ్గడం, స్ఫురణ, పరీక్ష అని నాలుగు దశలుగా వివరించాడు. 2009లో ఉట్ నా సియో, థామస్ ఆర్మరోడ్ 117 అధ్యయనాలను విశ్లేషించి, సమస్యను కాసేపు పక్కనపెట్టడం నిజంగానే మేలుచేస్తుందనీ, అనేక జవాబులు సాధ్యమయ్యే సృజనాత్మక సమస్యల్లో ఆ మేలు ఎక్కువనీ చూపారు. అబ్రహాం లూచిన్స్ 1942 ప్రయోగాల్లో, ఒకే పద్ధతికి అలవాటుపడినవారు కళ్లెదుట ఉన్న సులువైన దారిని చూడలేకపోయారు. సైమన్టన్ సైతం 59 మంది స్వరకర్తల 911 ఒపేరాలను పరిశీలించి, ఒకే రకం రచనకు అంటిపెట్టుకోవడం కన్నా రకరకాల రచనలు చేయడం మేలన్న నిర్ణయానికి వచ్చాడు.

ఈ రెండు పక్షాలూ పైకి కనిపించినంత దూరంలో లేవు. సన్నాహం లేనివాడికి మగ్గడానికి ముడిసరుకే ఉండదు. అలవాటుపడిన బాణీని తిరగరాయడం ఒక రకం సాధన, తెలియని బాణీని ప్రయత్నించడం మరో రకం. లూచిన్స్ ప్రయోగం తప్పుపట్టింది మొదటిదాన్నే. నియమంగా కొత్తదారులు తొక్కేవాడికి ఆ విమర్శ తగలదు.

అతి ఎక్కడ చేటు చేస్తుంది?

సాధనను ఆరాధించే వాతావరణంలో దాని కష్టనష్టాలు మరుగునపడతాయి. ఒకే కదలికను ఏళ్ల తరబడి చేసే వృత్తి సంగీతకారుల్లో సుమారు ఒక శాతం మందికి వేళ్ల అదుపు తప్పే నాడీ సమస్య వస్తుందని వైద్యుల అంచనా. రాబర్ట్ షూమన్ పియానో వాదకుడిగా ఎదగలేకపోవడానికి కుడిచేతి సమస్యే కారణం. దానికి అసలు మూలమేమిటన్నది నేటికీ చర్చనీయాంశం. గాయకుల్లో స్వరపేటిక దెబ్బతినడం, నర్తకుల్లో మోకాళ్లు అరగడం మనకు తెలిసినవే. నేర్చిన చేతికదలికలు నిద్రలో స్థిరపడతాయని ఇరవై ఒకటో శతాబ్దపు పరిశోధనలు చూపాయి. కాబట్టి విశ్రాంతిని సాధనకు అంతరాయంగా కాక, సాధనలో ఒక అంగంగా చూడాలి.

వర్గాల పోలిక

*ప్రతిభావాదులు* (భామహుడు, గాల్టన్, నేటి జన్యు పరిశోధకులు): ఎవరు ఎంత ఎత్తుకు వెళ్తారన్న ప్రశ్నలో వీరి మాట బలమైనది. ఉన్న ఎత్తును ఎలా కాపాడుకోవాలన్న ప్రశ్నకు వీరి దగ్గర జవాబు తక్కువ.

*సాధనావాదులు* (ఎరిక్సన్ బృందం, గురుకుల సంప్రదాయాలు): నైపుణ్యాన్ని సంపాదించడంలోనూ, అంతకన్నా ఎక్కువగా నిలుపుకోవడంలోనూ వీరి ఆధారాలు గట్టివి. సాధన ఒక్కటే అన్ని తేడాలనూ వివరిస్తుందన్న వాదన నిలవలేదు.

*సమన్వయవాదులు* (దండి, మమ్మటుడు, ఒక విధంగా జగన్నాథుడు): కారణాలు కలిసి పనిచేస్తాయంటారు. సాక్ష్యానికి దగ్గరగా ఉన్నది వీరే. ఎంత, ఎలా అన్న కొలత మాత్రం వీరిలో దొరకదు.

*నియమ రచనావాదులు* (బాయ్స్, రాశి నుంచి వాసి పుడుతుందనే సైమన్టన్): రాశి విషయంలో గెలిచారు, వాసి విషయంలో పాక్షికంగా గెలిచారు.

*విరామవాదులు* (వాలస్, ఆర్మరోడ్ తదితరులు): స్ఫురణకు ఖాళీ కావాలన్నది రుజువైంది. ఆ ఖాళీ గంటలదా, రోజులదా, నెలలదా అన్నది కళాకారులకు వర్తించే స్థాయిలో తేలలేదు.

ఇంకా తేలనివి

మొదటిది, కనీస మోతాదు. నిలుపుకోవడానికి తక్కువ సాధన చాలునని తెలిసింది. ఆ తక్కువ ఎంతో కళను బట్టి, వయసును బట్టి చెప్పగలిగే స్థితిలో మనం లేము. గాయకుడికీ నవలాకారుడికీ ఒకే కొలత పనిచేయదన్నది మాత్రం ఖాయం.

రెండోది, పరిశోధనల్లోని అసమతూకం. పియానో, వయొలిన్, చదరంగం మీద అధ్యయనాలు గుట్టలుగా ఉన్నాయి. అవి కొలవడానికి వీలైనవి. రాగాలాపన, అవధానం, కథారచన, కలంకారీ వంటి వాటి మీద అలాంటి అధ్యయనాలు చాలా తక్కువ. అవధానులు ఏళ్ల తరబడి తమ ధారణను ఎలా కాపాడుకుంటారన్నది పరిశోధకులకు దొరికే అరుదైన అవకాశం. అది మన విశ్వవిద్యాలయాల ముందే ఉంది.

మూడోది, కారణమూ ఫలితమూ. బాగా వచ్చినవారు ఎక్కువ సాధన చేస్తారా, ఎక్కువ సాధన చేసినవారికి బాగా వస్తుందా? రెండూ నిజమే కావచ్చు. వాటి పాళ్లు తేలలేదు.

నాలుగోది, యంత్రాల ప్రశ్న. చిత్తుప్రతి రాసిపెట్టే, బొమ్మ గీసిపెట్టే సాఫ్ట్‌వేర్లు చేతికొచ్చాక, సృజనలో మొదటి తడుములాటను మనిషి యంత్రానికి అప్పగించవచ్చు. క్షీణత మీది పాత అధ్యయనాలను బట్టి చూస్తే, వాడని శక్తి తరగక మానదు. ఏ శక్తి తరుగుతుంది, దానికి బదులు ఏది పెరుగుతుందన్నది కాలమే తేల్చాలి. దిద్దడం తెలిసినవాడు, రాయడం మానేశాక కూడా దిద్దగలడా అన్నది ఇక్కడ అసలైన సందేహం.

ముగింపు

మూడు ప్రశ్నలకు మూడు జవాబులు వస్తున్నాయి. నైపుణ్యం సంపాదించడంలో సాధన తప్పనిసరి, కానీ సరిపోదు. కొత్తదాన్ని సృష్టించడంలో అది సహాయకారి, దిశ మార్చుకుంటూ విరామమిస్తూ సాగితేనే. నిలుపుకోవడంలో మాత్రం సాధనకు ప్రత్యామ్నాయం ఇప్పటిదాకా దొరకలేదు. ఎంతటి ప్రతిభ అయినా ఆ పనిని చేసిపెట్టదు.

దీని ప్రభావం మన విధానాల మీద పడాలి. మన సంగీత, నృత్య విద్య అంతా నేర్పడం మీదే దృష్టి పెడుతుంది. డిప్లొమా చేతికొచ్చాక, అరంగేట్రం అయ్యాక కళాకారులు రోజూ కలిసి పాడుకోవడానికో ఆడుకోవడానికో చోటు, గురువుల పర్యవేక్షణ, చిన్న సభల ఆహ్వానం కరవవుతున్నాయి. అవార్డులకూ ఉత్సవాలకూ వెచ్చించే దానిలో కొంత భాగాన్ని సాధన మందిరాలకూ, వారంవారం జరిగే గోష్ఠులకూ, ఏడాది పొడవునా సాగే నాటక ప్రదర్శనలకూ మళ్లిస్తే నేర్చిన విద్య నిలుస్తుంది. వ్యక్తి స్థాయిలో కూడా లక్ష్యాన్ని మార్చుకోవాలి. పదివేల గంటలు అందుకోవడం అందరికీ సాధ్యం కాదు. రోజూ కొద్దిసేపు, లోపం మీద చూపు నిలిపి, వారంలో ఒకసారైనా తెలియని దారిలో నడిచి, అలసట వచ్చినప్పుడు నిజంగా విశ్రమించడం చాలామందికి సాధ్యమే. ఇప్పటిదాకా పోగైన సాక్ష్యం సమర్థిస్తున్నది ఈ మితమైన, ఎడతెగని నియమాన్నే.